అడగని పాట

పాత రికార్డుల కొట్టుకు చీటీ రాసుకుని వెళ్లేవాడు సగం ఆనందం గుమ్మం దగ్గరే వదిలేస్తాడు. మనం అనుకున్నది అక్కడ ఉండదు. ఉన్నవాటిలోంచి మనకేం కావాలో అక్కడికక్కడ తేల్చుకోవాలి. ఈమధ్య మనకు అలవాటు తప్పిన పని సరిగ్గా ఇదే. ఫోన్లో ఒక పాట అవుతూండగానే ఇంకోటి దానంతటదే అందుకుంటుంది, అదీ మనకు ముందే నచ్చిన బాణీలోనే. నచ్చకపోతే వేలితో పక్కకు నెట్టేస్తాం. ఇరవయ్యేళ్ల కుర్రాడు ‘ఇది నా అభిరుచి’ అనుకుంటున్న దాంట్లో నిజంగా తను ఎంచుకున్నది ఎంతో?

రికార్డు దగ్గర ఆ నెట్టుడు సాగదు. 78 ఆర్పీఎం ప్లేటు పది అంగుళాలదైతే ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది. మనం ముందువైపు పాట కోసం కొంటాం, వెనకవైపు పాట దాంతోపాటే ఇంటికొస్తుంది. డబ్బులు పెట్టాం కదా అని అదీ వేస్తాం. మొదటిసారి పరధ్యానంగా వింటాం, నాలుగోసారికి కూనిరాగం తీస్తాం. నాకిప్పుడు ప్రాణమైన పాటల్లో చాలామటుకు అలా వెనకవైపు నుంచి వచ్చినవే.

మా రాజోలు వైపు పాత ప్లేట్లు ఇళ్లలో కంటే మైకుసెట్టు వాళ్ల దగ్గరే ఎక్కువ తిరిగాయి. పెళ్లికీ, తీర్థానికీ కొబ్బరిచెట్టుకు గొట్టం మైకు కట్టి ఊరంతటికీ వినిపించిన సరుకది: హరిశ్చంద్ర పద్యాలు, ఘంటసాల, దానవీరశూరకర్ణ మాటలు. కేసెట్లొచ్చి, సీడీలొచ్చి, ఆఖరికి పెన్‌డ్రైవు వచ్చేసరికి అవన్నీ చెక్కపెట్టెల్లోకి దిగిపోయాయి. అలాంటి పెట్టెలున్న ఓ పెద్దాయన షెడ్డుకు బాలమురళి కోసం వెళ్లాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో పుట్టింది రాజోలు దగ్గర శంకరగుప్తంలోనే కదా, ఇక్కడ దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతాడని ధీమా.

“బాలమురళిగారివి లేవండి, ఎవరో పట్టుకెళ్లిపోయారు. ఇది వినండి, ఆయ్,” అంటూ ఈమని శంకరశాస్త్రి వీణ ఎల్పీ ఒకటి తీశారు. గోదావరి ఇవతలి మనిషిని అడిగితే అవతలి గట్టు ద్రాక్షారామం మనిషిని చేతిలో పెట్టారన్నమాట. అట్ట మీద బొమ్మ చూసి నేను మురిసిపోతుంటే, “బొమ్మ కాదు బాబూ, ప్లేటు చూడండి” అని వెలుతురుకు ఏటవాలుగా పట్టారు. కంటికి కనబడే గీతలన్నీ చెడ్డవి కావట. గోరుతో మెల్లగా రాసినప్పుడు తగిలే గీత అయితేనే ముల్లు ఎగురుతుందట. నలిగిన అట్టలో నిక్షేపంలాంటి ప్లేటు ఉండొచ్చు, తళతళలాడే అట్టలో పూర్తిగా అరిగిపోయింది ఉండొచ్చు. కాలేజీ బోర్డులు, కోచింగ్ ప్రకటనలు చూసి లక్షలు కట్టేసే తల్లిదండ్రులను ఓసారి ఆ షెడ్డుకు తీసుకెళ్లాలనిపించింది.

78 ప్లేటు లక్కతో చేసింది కాబట్టి స్పిరిట్టుతో తుడవకూడదని, తుడిస్తే కరుగుతుందని కూడా ఆయనే చెప్పారు. దొంతరగా పేరిస్తే వంగిపోతాయి, పుస్తకాల్లా నిలబెట్టాలి. వీటన్నిటినీ మించిన శత్రువు మన చెమ్మ. 1986 వరదనీ, 1996 నవంబరు తుపానునీ చూసిన నేలలో కాగితం అట్టకు బూజు పట్టడం ఎంతసేపు!

మూడు నిమిషాల సంగతి ఇంకా ఉంది. కచేరీలో ఒక్క రాగాన్నే గంటసేపు పెంచగల విద్వాంసుడు ఆ ప్లేటు కోసం కూర్చుంటే ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ముందే తేల్చుకోవాలి. ఉపోద్ఘాతానికి చోటు లేదు. ఇంటర్వ్యూల్లో ‘మీ గురించి చెప్పండి’ అనగానే పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టే పిల్లలకు నేను పాత కర్ణాటక సంగీతం ప్లేటు ఒకటి వినమంటాను. తొందరగా పాడినట్టు ఉండదు, అయినా మూడు నిమిషాల్లో అంతా ఉంటుంది.

పాత రికార్డుల మీద ఈ మక్కువ ముసలివాళ్ల బెంగ అని కొట్టిపారేసేవాళ్లకు ఒక లెక్క. 2022లో అమెరికాలో ఎల్పీలు సీడీలకంటే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. అయితే కొన్నవాళ్లంతా విన్నారని నేను పూచీ పడను. గోడకు వేలాడదీసి ఫొటో పెట్టడం ఇక్కడా మొదలైంది. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేలకు వేలు ప్లేట్లు పోగేశారు, కానీ విని, పోల్చి, వాటి మీద రాశారు కాబట్టే ఆ పోగుకు విలువ. విననిది మన ఇంట్లో ఉన్నా, 1985లో కాలిపోయిన మద్రాసు మూర్ మార్కెట్టు పాత రికార్డుల కొట్లలో ఉన్నా ఒకటే.

వెళ్లాలనుకుంటే ఒక్కరే వెళ్లండి. తోడొచ్చినవాడు గంట తర్వాత టైము చూసుకుంటాడు. వేసి వినిపించమని అడగండి, చాలామంది సంతోషంగా వేస్తారు. ఇంటికి ప్లేయరు కొంటుంటే మాత్రం ముల్లు సంగతి ముందే తెలుసుకోండి. 78 గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. ఒకదాని ముల్లు రెండోదానికి పనికిరాదు. రెండూ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. ఎందుకంటే ఎల్పీల కోసమని వెళ్లినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు 78ల పెట్టె దగ్గర తేలతారు.