చెవిలో హోరు ఆగకపోతే రైతు ఏం చేయాలి?

దుక్కి దగ్గర్నుంచి నూర్పిడి దాకా ఈ రోజుల్లో మిషను లేనిదే సేద్యం సాగటం లేదు. ఒంటికి శ్రమ తగ్గింది గాని చెవులకు కష్టం వచ్చింది. ట్రాక్టరు ఆపి ఇంటికొచ్చి పడుకున్నా చెవిలో ఇంజను తిరుగుతూనే ఉందని చెప్పే రైతులు చాలామంది ఉన్నారు. కొందరికి కీచురాయి కూసినట్లు, కొందరికి ఈల వేసినట్లు, మరికొందరికి ఎసరు మరుగుతున్నట్లు వినిపిస్తుంది. బయట ఏ చప్పుడూ లేకుండానే చెవిలో వినిపించే ఈ హోరును డాక్టర్లు టిన్నిటస్ అంటారు. ఇది గాలీ ధూళీ కాదు, పిచ్చి అంతకన్నా కాదు.

ఎందుకు వస్తుంది?

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. అందులో సుమారు 15 వేల సన్నని రోమకణాలు ఉంటాయి. చప్పుడును పట్టి మెదడుకు అందించేది ఇవే. ఎక్కువ రొదలో ఎక్కువసేపు ఉంటే ఇవి దెబ్బతింటాయి. కోసిన వరి దుబ్బు మళ్లీ పిలక వేస్తుంది గాని, మనిషి చెవిలో చచ్చిన రోమకణం మళ్లీ మొలవదు. చెవి నుంచి వచ్చే కబురు తగ్గేసరికి, స్టేషను సరిగ్గా అందని రేడియోకు మనం సౌండు పెంచినట్లు మెదడు తన సౌండు తాను పెంచుకుంటుందనీ, అప్పుడు వినపడే గరగరే ఈ హోరనీ నిపుణులు భావిస్తున్నారు.

ఇలాంటి వారిలో కొందరికి మామూలు చప్పుళ్లు కూడా భరించరానివిగా తయారవుతాయి. గిన్నె కింద పడినా, బస్సు హారను కొట్టినా చెవిలో ములుకు గుచ్చినట్లుంటుంది. దీన్ని హైపర్ అక్యుసిస్ అంటారు.

రొద కాకుండా ఇతర కారణాలూ ఉన్నాయి. చెవిలో గుబిలి గట్టిపడటం, చీము కారటం, వయసు మీద పడటం, ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో వాడటం, జెంటామైసిన్ వంటి కొన్ని ఇంజక్షన్ల వల్ల కూడా హోరు వస్తుంది. కాబట్టి ముందు కారణం తేల్చుకోవాలి.

ఎంత రొద ప్రమాదం?

మామూలు మాట 60 డెసిబెల్స్ ఉంటుంది. 85 డెసిబెల్స్ రొదలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని నిపుణుల సూచన. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ గడువు సగానికి పడిపోతుంది. అంటే 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, 100 వద్ద 15 నిమిషాలే. క్యాబిన్ లేని ట్రాక్టరు మీద 90 నుంచి 100 దాకా ఉండటం మామూలే. కొలిచే మిషను లేకపోయినా ఒక గుర్తు ఉంది. మూడడుగుల దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ రొద చెవికి చేటని తెలుసుకోవాలి.

వెంటనే డాక్టరును ఎవరు చూడాలి?

ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే పంట పని ఉందని వాయిదా వేయరాదు. మొదటి కొద్ది రోజుల్లో వైద్యం మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఒక్క చెవిలోనే హోరు ఉన్నా, గుండె కొట్టుకున్నట్లు లబ్ డబ్ మని వినపడినా, కళ్లు తిరిగినా, మూతి వంకర పోయినా ఆలస్యం చేయక ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించుకోవాలి. హైదరాబాదు కోఠీలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రులు ఉన్నాయి.

హోరుతో బతకటం ఎలా?

దీర్ఘకాలంగా ఉన్న హోరును పూర్తిగా మాన్పే మందు ఇంతవరకు లేదు. గ్యారంటీ అని చెప్పేవారిని నమ్మి పెట్టుబడి డబ్బు పోగొట్టుకోవద్దు. వేడి నూనె, ఆకు పసర్లు చెవిలో పోయరాదు. కర్ణభేరికి చిల్లు ఉంటే ముప్పు పెరుగుతుంది. మందు లేదంటే దారి లేదని కాదు. పొలం పక్క కాలవ చప్పుడు అలవాటైనట్లు, చాలామందికి కొన్నాళ్లకు హోరు ఉన్నా పట్టించుకోని స్థితి వస్తుంది. అందుకు ఈ పద్ధతులు పాటించవచ్చు.

* పూర్తి నిశ్శబ్దంలో హోరు పెద్దగా వినపడుతుంది. రాత్రి ఫ్యాను గానీ, చిన్నగా రేడియో గానీ పెట్టుకోవాలి. ఆ సౌండు హోరును ముంచేయనక్కర్లేదు, దానికంటే కాస్త తక్కువున్నా చాలు.
* వినికిడి తగ్గినవారు వినికిడి మిషను పెట్టుకుంటే మాట వినపడటమే గాక చాలామందికి హోరు బాధ కూడా తగ్గుతుంది.
* చప్పుడు పడనివారు ఇంట్లో కూడా చెవులు మూసుకుని కూర్చోరాదు. అలా చేస్తే చెవి మరింత సున్నితమవుతుంది. చిన్న చప్పుళ్లతో మొదలుపెట్టి, ఓర్చుకోగలిగినంత వరకే, వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి.
* నిద్ర కోసం సారాకు అలవాటు పడవద్దు. మత్తు దిగాక నిద్ర చెదురుతుంది.
* హోరు గురించిన దిగులును తగ్గించే కౌన్సెలింగుకు మంచి ఫలితం ఉంది. బతుకు మీద విసుగు పుడితే లోపల దాచుకోక 14416 నంబరుకు ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ టెలి మానస్ సేవకు డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లోవారు కూడా 'నీకొక్కడికే వినపడుతుందా' అని ఎగతాళి చేయరాదు. బయటికి కనిపించని బాధ గనుక నమ్మి ఆదుకోవటమే సగం వైద్యం.

ఉన్న చెవిని కాపాడుకోండి

చెవిలో దూది పెట్టుకుంటే పెద్దగా ప్రయోజనం లేదు. నురుగు రబ్బరు బిరడాలు తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిని సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపల పెట్టుకుని, ఉబ్బేదాకా వేలితో అదిమి ఉంచాలి. ట్రాక్టరు, పవర్ టిల్లరు, నూర్పిడి మిషను, పవర్ స్ప్రేయరు వద్ద ఇవి తప్పనిసరి. పని అయ్యాక తీసేయాలి. పగిలిన సైలెన్సరును వెంటనే మార్చాలి. ఆయిల్ ఇంజనుకు ఎంత దూరంగా కూర్చుంటే అంత మంచిది. రోజంతా ఒక్కరే మిషను మీద ఉండక వంతులు వేసుకోవాలి. కూలికి వచ్చిన మనిషికీ, పక్కన నిలబడే పిల్లలకూ ఉన్నవి ఇవే చెవులు. బిరడాల జత ఒకటి ట్రాక్టరు టూల్ బాక్సులో ఎప్పుడూ ఉండేట్లు చూసుకోండి.