బండి మారింది, మరి పాలసీ మారిందా?

మన కాలేజీ పార్కింగ్‌లో ఒక చుట్టు తిరిగితే చాలు, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న కారు దొరకడం కష్టం. ఒకదానికి వెడల్పు టైర్లు, ఇంకోదానికి కళ్లు జిగేల్మనే లైట్లు, మరోదానికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్. ఇవన్నీ ఎక్కడ చేయించారు, ఎంతయింది అంటే గంటసేపు చెప్తారు. ‘ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పారా?’ అని అడిగితే మాత్రం మాట మారుస్తారు.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. మా బాబాయి తన పెట్రోల్ కారుకి సీఎన్‌జీ కిట్ పెట్టించినప్పుడు ‘ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, ఆ కాగితాల సంగతి నువ్వే చూడరా’ అని పని నాకు అప్పజెప్పారు. అప్పుడు చదివిన చట్టం, పాలసీ షరతులు, కోర్టు తీర్పులు కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. మొత్తం పాఠం ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: బండి, ఆర్‌సీ, పాలసీ, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి వేరే మాట చెప్పిందంటే ప్రమాదం జరిగిన రోజున మిగతా రెండూ మన పక్షాన నిలబడవు.

మార్పులన్నీ ఒకే గాటన కట్టలేం

ముందుగా మార్పుల్ని మూడు కుప్పలుగా వేసుకుందాం.

మొదటి కుప్పలో అదనపు సామాన్లు: మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు, రివర్స్ కెమెరా లాంటివి. వీటివల్ల ఆర్‌సీలో రాసినదేదీ మారదు. ఆర్‌టీఓ ఆఫీసుతో పని లేదు. కానీ వాటి డబ్బు కూడా రావాలంటే పాలసీలో విడిగా చేర్పించాలి.

రెండో కుప్పలో అనుమతితో చేసే మార్పులు: సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్, రంగు మార్పు, అదే రకం ఇంజన్ మార్పిడి, దివ్యాంగుల కోసం చేత్తో నడిపే ఏర్పాట్లు. ఇవి ఆర్‌సీలోనూ ఎక్కాలి, పాలసీలోనూ ఎక్కాలి.

మూడో కుప్పలో చట్టం ఒప్పుకోని మార్పులు: బాడీ కోసి ఆకారం మార్చడం, ఛాసిస్‌తో ఆటలు, ముందు భాగాన బిగించే ఇనుప బుల్ బార్. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. వీటికి ఎక్కువ ప్రీమియం కట్టినంత మాత్రాన రక్షణ దొరకదు. చట్టవిరుద్ధమైన దాన్ని బీమా చట్టబద్ధం చేయలేదు.

చట్టం ఏమంటుంది

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మొత్తం ఈ విషయం గురించే. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు అన్నది దాని సారాంశం. 2000లో ఈ సెక్షన్‌ని సవరించినప్పుడు ఉద్దేశం స్పష్టంగానే చెప్పారు: ఎక్కువ సామర్థ్యం ఉన్న టైర్లు వేయడంతో సహా ఇష్టం వచ్చిన మార్పుల్ని ఆపాలి, పర్యావరణానికి మేలు చేసే ఇంధనం కోసం చేసే మార్పుల్ని మాత్రం ఒప్పుకోవాలి. సీఎన్‌జీ కిట్‌కి దారి దొరికింది ఆ సవరణ వల్లే. కిట్ మాత్రం ఆమోదం పొందినదై ఉండాలి.

కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని మరింత గట్టిగా చెప్పింది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకి’ అన్న మాటని గమనించండి. నాలుగు మార్పులుంటే లెక్క నాలుగుసార్లు.

పాలసీ లోపల ఏముంది

మన పాలసీలో నిజానికి రెండు వేర్వేరు ఒప్పందాలు ఉంటాయి. ఒకటి థర్డ్ పార్టీ: మన బండి వల్ల వేరేవాళ్లకి జరిగే నష్టం. ఇది చట్టప్రకారం తప్పనిసరి. రెండోది ఓన్ డ్యామేజ్: మన బండికే జరిగే నష్టం. మార్పుల గొడవ ఎక్కువగా వచ్చేది ఈ రెండోదానితోనే.

ఓన్ డ్యామేజ్‌కి మూలం ఐడీవీ, అంటే కంపెనీ మన బండికి ఒప్పుకున్న విలువ. తయారీదారు అమ్మకపు ధరలోంచి వయసుని బట్టి తరుగు తీసేస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం. ఇందులో లెక్కకొచ్చేది తయారీదారు ధర మాత్రమే. మనం బయట పెట్టించిన 40,000 రూపాయల మ్యూజిక్ సిస్టమ్ ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. చెప్తేనే దాని విలువ విడిగా కలుపుతారు.

ఇలా కలపడానికి మోటారు టారిఫ్‌లో అంకెలతో ఎండార్స్‌మెంట్లు ఉన్నాయి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాన్లకి ఐఎంటీ 24. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్‌కి ఐఎంటీ 25. పాత టారిఫ్ ప్రకారం ఈ రెండింటికీ వస్తువు విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. గ్యాస్ కిట్‌కైతే థర్డ్ పార్టీ భాగంలో ఇంకో 60 రూపాయలు. 2007 నుంచి ఓన్ డ్యామేజ్ ధరలు కంపెనీల చేతికే వదిలేశారు కాబట్టి అసలు ప్రీమియంలో తేడాలుంటాయి. అయినా అంచనాకి ఈ లెక్క పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కిట్ ఖరీదు 60,000 అనుకోండి. దాని 4 శాతం 2,400. థర్డ్ పార్టీకి 60 కలిపితే 2,460. 18 శాతం జీఎస్‌టీతో సుమారు 2,903. ఏడాదికి ఇంత మిగులుతుందని చెప్పకుండా ఊరుకున్నారనుకుందాం. కారు ఐడీవీ 4 లక్షలు. బండి తగలబడితే పోయేది 60,000 మాత్రమేనా? కాదు. కిట్ సంగతి దాచారు కాబట్టి 4 లక్షల క్లెయిమ్ మొత్తం వివాదంలో పడుతుంది. దాచింది చిన్న వస్తువునే అయినా, దాంతోపాటు దాచని బండి కూడా చిక్కుల్లో పడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

మార్పు అంటే ఎప్పుడూ ప్రీమియం పెరగడమే అనుకోకండి. దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా మార్చి, ఆ సంగతి ఆర్‌సీలో నమోదు చేయించిన బండికి టారిఫ్ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఇచ్చింది. దానికి ఐఎంటీ 12. ఇంట్లో అలాంటి బండి ఉంటే తప్పకుండా అడగండి.

సర్వేయర్ కళ్లతో చూద్దాం

క్లెయిమ్ వేసినప్పుడు వచ్చే సర్వేయర్ మన బండిని మెచ్చుకోడానికి రాడు. ‘ఈ నష్టానికి కారణం ఏమిటి, ఈ మార్పుకి అందులో పాత్ర ఉందా?’ అన్నదే ఆయన ప్రశ్న. దీనికి జవాబు మన సిలబస్‌లోనే ఉంది.

లైట్ల సంగతి తీసుకోండి. హై బీమ్‌లో మామూలు బల్బు 60 వాట్లు, రెండు కలిపి 120. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. వాటి స్థానంలో 100 వాట్ల బల్బులు పెడితే మొత్తం 200 వాట్లు, అంటే దాదాపు 16.7 ఆంపియర్లు. కరెంటు 1.67 రెట్లే పెరిగింది కదా అనిపిస్తుంది. కానీ తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.67ని వర్గం చేస్తే 2.78. అదే తీగలో దాదాపు మూడు రెట్ల వేడి! రిలే లేకుండా, పాత వైరింగ్ మీదే అతికించిన పని అయితే ఇన్సులేషన్ కరగడానికి ఎంతోసేపు పట్టదు. పాలసీ అగ్నిప్రమాదాన్నీ, దానంతటదే అంటుకోవడాన్నీ కవర్ చేస్తుంది. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ని మాత్రం చేయదు. కాలిన చోట కోసి అతికించిన తీగలు కనిపిస్తే వాదన ఎటు పోతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు టైర్లు. 185/65 ఆర్15 టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. అదే రిమ్ముకి 205/65 వేస్తే 647.5. అంటే 4.2 శాతం పెరిగింది. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి నిజంగా వెళ్లేది 83 పైన. ఓడోమీటర్ కూడా తక్కువే చూపిస్తుంది. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకోవచ్చు. అదే మోడల్ పై వేరియంట్‌కి తయారీదారే ఇచ్చిన సైజుకి మారడం వేరు, షాపువాడు ‘పడుతుందన్నా’ అన్న సైజుకి మారడం వేరు. మొదటిదానికి యజమాని మాన్యువల్ సాక్ష్యం ఉంది. రెండోదానికి షాపువాడి మాట తప్ప ఏమీ లేదు.

క్లెయిమ్ కాదంటే దారి లేదా?

ఉంది. ప్రతి ఉల్లంఘనకీ మొత్తం క్లెయిమ్ సున్నా కావాలని లేదు. ప్రైవేటు బండిని కిరాయికి తిప్పారన్న కారణంతో కంపెనీ చెల్లించనన్న ఒక దొంగతనం కేసులో 2008లో సుప్రీంకోర్టు, బండి పోవడానికీ ఆ ఉల్లంఘనకీ సంబంధం లేదంది. నాన్ స్టాండర్డ్ పద్ధతిలో 75 శాతం చెల్లించమన్న ఆదేశాన్ని నిలబెట్టింది. అది వాడకానికి సంబంధించిన కేసు, మార్పులది కాదు. అయినా అందులోని తర్కం మనకి పనికొస్తుంది: నష్టానికీ తప్పుకీ లంకె ఉందా లేదా? సీటు కవర్ల గురించి చెప్పలేదని గుద్దుకున్న డోరుకి డబ్బు ఇవ్వమంటే ప్రశ్నించొచ్చు. చెప్పని గ్యాస్ కిట్ దగ్గరే మంట మొదలైతే ఈ తర్కమే మనకి ఎదురు తిరుగుతుంది.

ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాలకీ, యానాంకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

చేయాల్సిన పని, వరుసగా

1. మార్పుకి ముందే అది ఏ కుప్పలోదో తేల్చుకోండి. మూడో కుప్పదైతే అక్కడితో ఆపేయండి.
2. రెండో కుప్పదైతే ముందు ఆర్‌టీఓ అనుమతి తీసుకోండి. కిట్‌కి ఆమోద పత్రం, సిలిండర్ టెస్ట్ సర్టిఫికెట్, బిల్లు, అమర్చిన వర్క్‌షాప్ సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచండి. సీఎన్‌జీ సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ చేయించాలి.
3. ఆర్‌సీలో ఇంధనం దగ్గర పెట్రోల్‌తో పాటు సీఎన్‌జీ కూడా పడిందో లేదో కళ్లారా చూసుకోండి.
4. వెంటనే బీమా కంపెనీకి రాయండి. రెన్యువల్ దాకా ఆగొద్దు. ఏజెంటుకి ఫోన్‌లో చెప్పడం చెప్పినట్టు కాదు.
5. ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక అందులో వస్తువు పేరు, విలువ సరిగ్గా ఉన్నాయా చూడండి.
6. సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే వరుసని తిరగేయండి: ముందు బండి చూడండి, తర్వాత ఆర్‌సీ, తర్వాత పాలసీ. పాత యజమాని చేసిన మార్పుకి రేపు జవాబు చెప్పాల్సింది మీరే.

బాబాయి కోసం రాసిన ఉత్తరాన్ని కొంచెం మార్చి కింద ఇస్తున్నాను. ఖాళీలు నింపుకుని వాడుకోండి.

*అయ్యా/అమ్మా,*
*నా కారు (నంబరు …, పాలసీ నంబరు …)కు తేదీ …న … కంపెనీ సీఎన్‌జీ కిట్ అమర్చబడింది. దాని విలువ … రూపాయలు. ఆర్‌టీఓ వారు ఈ మార్పును ఆర్‌సీలో నమోదు చేశారు. ఆర్‌సీ, బిల్లు, అమరిక సర్టిఫికెట్, సిలిండర్ సర్టిఫికెట్ నకళ్లు జతచేస్తున్నాను. ఈ కిట్‌ను నా పాలసీలో చేర్చి, కట్టవలసిన అదనపు ప్రీమియం తెలియజేసి, ఎండార్స్‌మెంట్ ఇవ్వగలరు. బండిని తనిఖీ చేయాలంటే తేదీ తెలపండి.*

ఈ ఉత్తరం మెయిల్‌లో పంపితే తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. రాయడానికి పట్టేది పది నిమిషాలు. రేపు సర్వేయర్ ‘ఇది ఎప్పుడు పెట్టించారు?’ అని అడిగినప్పుడు మనం తడుముకోకుండా చూపించగలిగిన కాగితం ఇదే.