జన్యువుల పని తెలిసికొనుట

విశాఖపట్టణపు రేవున మాంగనీసు, ఇనుము మున్నగు ఖనిజములు గుట్టలుగా పోయబడి యుండును. ఒక గుట్టపై నుండవలసిన పేరుపలక పడిపోయినదనుకొందము. అనుభవశాలి దాని రంగును, బరువును తా నెఱిగిన ఖనిజములతో పోల్చి ‘ఇది మాంగనీసు’ అని ఊహించును. అయినను పరీక్షశాలలో తేలినగాని ఆ మాట నిశ్చయము కాదు. జీవశాస్త్రజ్ఞులకును ఇట్టి పనియే తటస్థించినది.

పెక్కు దేశముల శాస్త్రజ్ఞులు కలిసి వరి జన్యుపదార్థమును చదివి 2005లో ప్రకటించిరి. పదునొకండవ క్రోమోజోములో కొంత భాగమును భారతీయులు చదివిరి. మొత్తము మీద 37,544 జన్యువు లుండునని అంచనా కట్టిరి. అక్షరములు చదువుట వేరు, అర్థ మెఱుగుట వేరు గదా! క్రొత్త జన్యువు వరుసను, పని తెలిసిన జన్యువుల వరుసలతో కంప్యూటరు పోల్చును. పోలిక గట్టిగా నున్నచో రెంటిని ఒకే తరగతిలో చేర్తురు. తరగతుల పేర్లు ప్రయోగశాల కొక తీరున నుండరాదని 1998లో ‘జీన్ ఆంటాలజీ’ యను ఏర్పాటు మొదలైనది. జన్యువు వలన పుట్టు ప్రోటీను చేయు పని యేమి, అది యే జీవనకార్యమునకు తోడ్పడును, కణమున ఎక్కడ నుండును అను మూడు ప్రశ్నలు అందు ముఖ్యములు.

పోలిక యొక్కటియే చాలునా? బాపట్లలో రూపొంది 1986లో వెలువడిన సాంబ మసూరి బియ్యము తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది. కాని ఆ పైరు బాక్టీరియా ఎండాకు తెగులునకు లోబడును. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరినుండి వచ్చిన ఎక్స్‌ఏ 21 అను జన్యువు ఈ తెగులును ఎదిరించును. 1995లో అమెరికాలో పమేలా రొనాల్డ్ బృందమువారు దానిని వేరుచేసి చదువగా, కణము వెలుపలి వార్తను లోపలి కందించు ప్రోటీనుల పోలిక కనబడెను. తరగతి తెలిసినది. కాని యా కావలివాడు బాక్టీరియాలో దేనిని చూచి పసిగట్టునో 2015 వఱకు తేలలేదు. నడుమ ప్రకటించిన సమాధానము సరికాదని కనుగొని 2013లో ఆ బృందమే దానిని వెనుకకు తీసికొనెను. ఇది మెచ్చదగిన పని.

ఎక్స్‌ఏ 13 కథ మఱింత చిత్రమైనది. దాని మామూలు రూపము చక్కెరను కణము దాటించు ప్రోటీను నిచ్చును. పుప్పొడి యెదుగుటకును అది కావలయును. కావున దానిని ఒక్క తరగతిలో బంధింప వీలులేదు. తెగులు బాక్టీరియా తన తిండికై ఈ జన్యువునే మేలుకొల్పును. మారిన రూపముగల వరిలో ఆ మేలుకొలుపు సాగదు.

హైదరాబాదులోని సీసీఎంబీవారును, వరి పరిశోధన సంచాలకాలయమువారును ఈ రెంటిని, ఎక్స్‌ఏ 5ను సంకరణముచే సాంబ మసూరిలో చేర్చిరి. ఏ మొక్కలో మూడును కలవో జన్యుగుర్తులచే ఏరుచు వచ్చిరి. బియ్యపు గుణము చెడకుండ తెగులును తట్టుకొను ఆ వంగడము 2008లో రైతులకు విడుదలయ్యెను.