కెమెరా చక్రం మొరాయిస్తే

ఇప్పుడు పల్లెల్లో కూడా ఫొటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించే ఆడవాళ్ళు ఉన్నారు. ఇంటింటికీ సెల్ ఫోన్ వచ్చింది. అయినా పెళ్ళికి, సీమంతానికి, పుట్టువెంట్రుకలకు కెమెరా ఉన్నవాళ్ళనే పిలుస్తారు.

జనగామ వైపు ఒక ఊళ్ళో అలాంటి ఆమె ఒకరు ఉంది. ఊరంతా ఆమెను ఫొటోల అక్క అంటారు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఆమె డిజిటల్ కెమెరా కొన్నది. అప్పు ఇంకా తీరలేదు. గ్యారంటీ మాత్రం తీరిపోయింది.

పెళ్ళి నాలుగు రోజులు ఉందనగా ఆ కెమెరాకు జబ్బు చేసింది. చక్రం ఒకవైపు తిప్పితే అంకె ఇంకోవైపు పోతోంది. ఒక్కోసారి ఎంత తిప్పినా కదలదు. అడ్వాన్సు తీసుకుంది. ఆ డబ్బు పిల్లల ఫీజుకు కట్టేసింది. ఇప్పుడు రాలేనని చెబితే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. పైగా మళ్ళీ ఆ ఇంటివాళ్ళు పిలవరు.

"కొత్తది కొనాల్సిందేనా వదినా?" అని ఆడబిడ్డ అడిగింది.

"ముందు దీని సంగతి ఏందో చూద్దాం" అంది అక్క.

కెమెరాకు రెండు రకాల చక్రాలు ఉంటాయి. వీటినే డయల్ అంటారు. ఒక దాని మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పి, ఏ, ఎస్, ఎమ్ అని. కొన్ని కంపెనీలు ఏ బదులు ఏవీ అని, ఎస్ బదులు టీవీ అని రాస్తాయి. ఫొటో ఏ పద్ధతిలో తియ్యాలో ఈ చక్రంతో చెబుతాం. రెండోది చిన్నది. బొటనవేలి దగ్గరో, చూపుడువేలి దగ్గరో ఉంటుంది. అంచు గరుకుగా ఉంటుంది. వెలుతురు ఎంత రావాలి, ఎంతసేపు రావాలి అనే అంకెలు దీనితో మారుస్తాం. అక్క కెమెరాలో పాడైంది ఈ చిన్న చక్రమే.

ఇది ఎందుకు పాడవుతుంది? చాలా కెమెరాల్లో చక్రం కింద రెండు సన్నని లోహపు నాలుకలు ఉంటాయి. చక్రం తిరిగినప్పుడు అవి ఒక బిళ్ళ మీద రాసుకుంటూ పోతాయి. ఒక్కో టిక్కుకు ఒక నాలుక ముందు, ఇంకో నాలుక వెనుక కెమెరాకు కబురు పంపుతాయి.

ఇంటి గడప దగ్గర ఇద్దరు నిలబడ్డారనుకోండి. ఒకరు బయట, ఒకరు లోపల. ఎవరైనా గడప దాటితే ఇద్దరూ కేక వెయ్యాలి. బయటి మనిషి కేక ముందు వినిపిస్తే ఎవరో లోపలికి వచ్చినట్టు. లోపలి మనిషి కేక ముందు వినిపిస్తే ఎవరో బయటకు పోయినట్టు. ఇద్దరిలో ఒకరు కునుకు తీశారనుకోండి. లెక్క తప్పుతుంది. వచ్చినవాళ్ళు పోయినట్టు అవుతుంది. కెమెరాలో జరిగేది కూడా ఇదే. నాలుక మీద దుమ్ము పడినా, చెమట తడికి తుప్పులాంటి పొర పట్టినా, వాడి వాడి అరిగిపోయినా కబురు అందదు. అంకె వెనక్కి దూకుతుంది.

పెళ్ళిళ్ళు తీసే కెమెరాకు దుమ్ము తక్కువా? పసుపు, కుంకుమ, గంధం, తలంబ్రాలు, బరాత్ లో చల్లే రంగులు. పైన వేసవి చెమట. పసుపు పొడి ఎంత సన్నగా ఉంటుందో మనకు చెప్పక్కరలేదు. డబ్బా మూత ఎంత బిగించినా అల్మారా అంతా పచ్చబడుతుంది కదా!

అక్క మొదట కాగితం, పెన్ను తీసుకుంది. చక్రాన్ని నెమ్మదిగా ఒక్కో టిక్కు తిప్పింది. ప్రతిసారీ కెమెరాలో కనబడిన అంకెను రాసింది. మామూలుగా అయితే 60, 80, 100, 125, 160, 200 అని వరసగా రావాలి. ఆమె కాగితం మీద ఇలా వచ్చింది: 60, 80, 60, 80, 100, 100, 80, 125. ఈ అంకెలు షట్టర్ వేగానివి. 125 అంటే సెకనులో 125వ వంతు సేపు మాత్రమే వెలుతురు లోపలికి వస్తుందని అర్థం.

ఇలా రాసి పెట్టుకోవడం చాలా మంచి పని. "ఏదో పాడైంది" అని చెబితే బాగుచేసే అతనికి ఏం తెలుస్తుంది? కాగితం చూపిస్తే చక్రం కిందే జబ్బు ఉందని వెంటనే తెలుస్తుంది.

కానీ చక్రం అసలు కదలకపోతే అది పాడైందని అప్పుడే అనుకోవద్దు. కొన్ని కెమెరాలకు చక్రాన్ని ఆపే చిన్న తాళం మీట ఉంటుంది. చెయ్యి తగిలి అది పడిపోతుంది. ఆటో పద్ధతిలో ఉన్నా ఈ చక్రం పెద్దగా పనిచెయ్యదు. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, మళ్ళీ వేసి చూడాలి. మెనూలో అన్నీ మొదటికి తెచ్చే రీసెట్ ఉంటుంది. అది కూడా చేసి చూడాలి. ఇవేవీ ఖర్చు లేని పనులు.

అక్క ఇవన్నీ చూసింది. తాళం మీట సరిగ్గానే ఉంది. అప్పుడు శుభ్రం చెయ్యడానికి కూర్చుంది. ముందు బ్యాటరీ తీసేసింది. రబ్బరు బుడ్డితో గాలి కొట్టింది. నోటితో ఊదకూడదు, ఉమ్ము తుంపరలు పడతాయి. మెత్తని కుంచెతో చక్రం అంచులు తుడిచింది. తరువాత చక్రాన్ని అటూ ఇటూ చాలాసార్లు తిప్పింది. అలా తిప్పితే లోపలి నాలుకల మీద పొర కొంత రాలుతుంది. ఆ తరువాత పది టిక్కుల్లో ఏడెనిమిది సరిగ్గా వచ్చాయి. మర్నాటికి మళ్ళీ మొదటికి వచ్చింది. ఇది ఇలాగే ఉంటుంది. పైపై శుభ్రంతో కొన్నాళ్ళు నడవచ్చు, నడవకపోనూ వచ్చు.

"కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వెయ్యి వదినా, గట్టి పడింది కదా" అంది ఆడబిడ్డ.

మనలో చాలామందికి ఇదే తోస్తుంది. కానీ ఇది కుట్టు మిషను కాదు. నూనె వేస్తే దుమ్మంతా దానికి అంటుకుంటుంది. కొబ్బరినూనె, కిరోసిను, చేతులకు రాసుకునే శానిటైజరు కూడా వద్దు. శానిటైజరులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే ద్రవం అమ్ముతారు. అది తొందరగా ఆరిపోతుంది. దూది పుల్లను దానిలో ముంచి, పిండి, చక్రం అంచున మాత్రమే తుడవచ్చు. చుక్కలు కారకూడదు. పొయ్యి దగ్గర, దీపం దగ్గర అసలు వాడకూడదు, మంట అంటుకుంటుంది. బాగా ఆరిన తరువాతే బ్యాటరీ వెయ్యాలి. తడి లాగుతుందని కెమెరాను బియ్యంలో పెట్టేవాళ్ళు ఉన్నారు. బియ్యానికి తవుడు దుమ్ము ఉంటుంది. అది ఇంకో తంటా. కొత్త చెప్పుల పెట్టెలో, కొత్త బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను గట్టి మూత ఉన్న డబ్బాలో వేసి, అందులో కెమెరా పెట్టుకోవడం నయం.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకండి. స్క్రూలు విప్పి కెమెరాను తెరవకండి. ఫ్లాష్ వెలగడానికి లోపల కెపాసిటర్ అనే చిన్న డబ్బీ కరెంటును నిలవ చేసుకుంటుంది. అందులో 300 వోల్టుల దాకా ఉంటుంది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. బ్యాటరీ తీసేసినా ఆ కరెంటు వెంటనే పోదు. చెయ్యి తగిలితే గట్టి షాకు కొడుతుంది. సెల్ ఫోన్ లో వీడియో చూసి తెరుద్దామని ఆడబిడ్డ కొడుకు ఉబలాటపడ్డాడు. అక్క ఒప్పుకోలేదు.

మరి పెళ్ళి ఎలా? చక్రం చేసే పనిని ఇంకో దారిలో చేయించుకోవచ్చు. దీన్ని చాలామంది మరిచిపోతారు. తెర మీద వేలితో తాకి అంకెలు మార్చే కెమెరాలు ఉన్నాయి. రెండు చక్రాలు ఉన్న కొన్ని కెమెరాల్లో మెనూలోకి పోయి ఒక దాని పని ఇంకోదానికి అప్పగించవచ్చు. కొన్నింటిని సెల్ ఫోన్ తో కలిపి, ఫోన్ లోనే అంకెలు మార్చవచ్చు.

అక్క కెమెరాకు తాకే తెర ఉంది. ఆమె పద్ధతుల చక్రాన్ని ఎస్ మీద పెట్టింది. తెర మీద తాకి షట్టర్ వేగం 125 చేసింది. వెలుతురు తగ్గితే సర్దుకునే ఐ.ఎస్.ఓ. అనే దాన్ని ఆటోలో ఉంచింది. మండపంలో మనుషులు కదులుతుంటారు. 125 పెడితే మామూలు కదలికకు ఫొటో చెదరదు. ఫ్లాష్ కు కూడా ఆ వేగం సరిపోతుంది. మిగతాది కెమెరా చూసుకుంటుంది. ఇక చక్రాన్ని ముట్టుకునే పని లేదు.

కానీ చెయ్యి తగిలితే? చక్రం తిరిగి అంకె దూకుతుంది. అందుకని ఆసుపత్రిలో కట్టు మీద అంటించే కాగితం టేపు ముక్క తెచ్చి చక్రం మీద అంటించింది. మామూలు టేపు అయితే జిగురు అంటుకుపోతుంది. ముందురోజు రాత్రి ఇంట్లో దీపాల వెలుతురులో పిల్లలను నిలబెట్టి యాభై ఫొటోలు తీసి చూసుకుంది. తెలిసినవాళ్ళ దగ్గర ఇంకో కెమెరా అరువు అడిగి సంచీలో పెట్టుకుంది. దాన్ని బయటికి తీసే అవసరం రాలేదు. వేలు కొద్దీ అంకెలు మార్చి తీసే ఫొటోల సొగసు కొంత తగ్గి ఉండవచ్చు. పెళ్ళివారు మాత్రం ఆల్బమ్ చూసి మురిసిపోయారు.

అక్క కెమెరాను వెంటనే బాగుకు ఇవ్వలేదు. ఆషాఢం వచ్చేదాకా ఆగింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. కెమెరా పది రోజులు దుకాణంలో ఉన్నా నష్టం లేదు. హైదరాబాదులో కోఠీ దగ్గర గుజరాతీ గల్లీలో కెమెరాలు అమ్మే, బాగుచేసే దుకాణాలు ఉన్నాయి. పాత మోడల్ అయితే కంపెనీవాళ్ళు విడిభాగాలు లేవని చెప్పవచ్చు. అప్పుడు బయటివాళ్ళు చచ్చిపోయిన కెమెరాల నుంచి భాగం తీసి వేస్తారు.

"ఎంత అవుతుంది తమ్ముడూ?" అని అక్క అడిగింది.

"తెరిచి చూడాలక్కా."

"తెరిచి చూడు. కానీ ధర చెప్పకుండా పని మొదలుపెట్టొద్దు. చూసినందుకు ఎంత తీసుకుంటవో కూడా ఇప్పుడే చెప్పు."

ఆమె మెమరీ కార్డు, బ్యాటరీ, మెడ పట్టీ తీసి దగ్గర పెట్టుకుంది. రసీదు మీద కెమెరా నంబరు రాయించింది. మార్చిన పాత భాగం తిరిగి ఇమ్మంది. బాగుచేసిన దానికి ఎన్ని నెలల పూచీయో అదే రసీదు మీద రాయించింది. నోటిమాట పూచీ దుకాణం మెట్లు దిగితే ఉండదు.

బాగుచేయించాలా, వేరేది కొనాలా? లెక్క వేద్దాం. బాగుకు 3,000 రూపాయలు అడిగారనుకోండి. అలాంటి కెమెరానే వాడింది 15,000 రూపాయలకు దొరుకుతుందనుకోండి. 15,000లో 3,000 ఐదో వంతు. బాగుచేయించుకోవడం మేలు. అదే 9,000 అడిగితే సగం దాటింది. చక్రం కొత్తది అవుతుంది గానీ షట్టర్ పాతదే కదా! అప్పుడు ఆగి ఆలోచించాలి.

గ్యారంటీ అయిపోయినా కంపెనీని ఒకసారి అడగడం తప్పు కాదు. ఒక మోడల్ లో అందరికీ ఒకే లోపం వస్తే కంపెనీలు ఒక్కోసారి ఉచితంగా బాగుచేస్తాయి. నికాన్ కంపెనీ డి 600 అనే కెమెరాలో లోపలి పలక మీద మచ్చలు పడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2014లో ఆ కంపెనీ గ్యారంటీ అయిపోయినవాటిని కూడా ఉచితంగా చూస్తామని ప్రకటించింది. గ్యారంటీ ఉన్న రోజుల్లోనే చెడిపోయి, అప్పుడు ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే సంగతి వేరు. 1915 నంబరుకు ఫోన్ చేసి వినియోగదారుల సహాయ కేంద్రానికి చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్ కు వెళ్ళాలంటే గొడవ మొదలైన రోజు నుంచి 2 ఏళ్ళ లోపు వెళ్ళాలి. అది 2019 చట్టంలో ఉంది. అందుకే బిల్లు, గ్యారంటీ కాగితం, రసీదులు పారెయ్యకూడదు. బిల్లు మీద సిరా కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. కొన్నరోజే జెరాక్సు తీసి పెట్టుకోవాలి.

చేసి చూడండి

మీ ఇంట్లో మిక్సీదో, ఫోన్ దో గ్యారంటీ కాగితం తీయండి. కొన్న తేదీ చదవండి. గ్యారంటీ ఎప్పటిదాకా ఉందో నోటుబుక్కులో రాయండి. వస్తువు మీద ఉన్న నంబరు, కాగితం మీద ఉన్న నంబరు ఒకటేనా చూడండి.

ఒకామె 2023 జూన్ 12న కెమెరా కొన్నది. గ్యారంటీ 2 ఏళ్ళు. 2025 జూన్ 3న చక్రం తిరగడం మానేసింది. ఆమెకు గ్యారంటీ ఉందా, అయిపోయిందా? ఉంటే ఇంకా ఎన్ని రోజులు ఉంది?