మంచం మీద ఉన్న మీ అబ్బాయి ఏ మాత్రలు వాడేవాడు?

హైటెక్ సిటీ, రాయదుర్గం మెట్రో స్టేషన్ల దగ్గర బైక్ మీద కూర్చుని ఫోన్ వంక చూస్తున్న కుర్రవాళ్లను మీరు చూసే ఉంటారు. కొందరికి పగలు ఒక పని, సాయంత్రం నుంచి బైక్ ట్యాక్సీ. ఐటీ కంపెనీల్లో కొన్ని షిఫ్టులు అర్ధరాత్రి దాటాక వదులుతాయి, గిరాకీ అప్పుడూ ఉంటుంది. నడుము లాగేస్తున్నా ఇంకో ట్రిప్పు, కళ్లు మూతలు పడుతున్నా మరొకటి. ఎక్కువమంది టీతో సరిపెట్టుకుంటారు. కొందరు మాత్ర వేసుకుంటారు.

మా వార్డుకు కాలు విరిగి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. చేర్చుకునేటప్పుడు అలవాట్ల గురించి అడిగాను. "మా బాబుకి టీ తప్ప ఏమీ తెలియదు సిస్టర్" అంది తల్లి. అబ్బాయి గోడ వైపు తిరిగాడు. మూడో రోజు తెల్లవారుజామున చెమటలు, వణుకు, ఆ తర్వాత ఫిట్స్. తలకు దెబ్బ తగిలిందేమోనని స్కానింగుకు పరుగెత్తించాము. అందులో ఏమీ లేదు. అప్పుడు అన్న నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. రాత్రి బండి నడిపి వచ్చాక నిద్ర పట్టక ఏడాదిగా అల్ప్రాజోలం వేసుకుంటున్నాడట. ఒకటితో మొదలై నాలుగైదు దాకా వచ్చింది. ఆసుపత్రిలో అవి అందలేదు, అందుకే ఫిట్స్. తల్లి అబద్ధం చెప్పలేదు, ఆమెకు నిజంగా తెలియదు. అన్న పోలీసు కేసు అవుతుందని భయపడ్డాడు.

రోజూ వాడిన నిద్రమాత్రకు మెదడు అలవాటు పడుతుంది. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. మన తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఈ అల్ప్రాజోలం ఒకటి. కల్లు దొరకని రోజున తాగేవాళ్లు వణికిపోయేది అందుకే. కాబట్టి కోపంతో మాత్రలు పారేసి అబ్బాయిని గదిలో పెట్టి గడియ వేయకండి. డాక్టరు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఈ అబ్బాయికి రెండు నెలలకు పైగా పట్టింది.

నడుము నొప్పికని మొదలయ్యే ట్రామడాల్, టాపెంటడాల్ నల్లమందు జాతి మాత్రలు. నొప్పి తగ్గుతుంది, కాస్త హుషారుగానూ ఉంటుంది, చిక్కు అక్కడే. మానేస్తే ఒళ్లు నొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు. ట్రామడాల్ ఎక్కువైతే దానివల్లే ఫిట్స్ రావచ్చు. మన ప్రభుత్వం 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందకు తెచ్చింది. నైజీరియా, ఘనాల్లో బైక్ ట్యాక్సీ నడిపేవారిలోనూ ఈ మాత్రే పెద్ద బెడద. దీనికి మద్యమో నిద్రమాత్రో తోడైతే ఊపిరి ఆగిపోవచ్చు. ఎంత లేపినా లేవకుండా గురక పెడుతుంటే, శ్వాస బాగా నెమ్మదిస్తే, పెదవులు నీలంగా మారితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

గంజాయి తాగితే బండి ఇంకా బాగా నడుస్తుందని కొందరు అనుకుంటారు. నిజానికి బ్రేకు వేయాలని తోచేసరికే ఆలస్యమవుతుంది. వెనుక సీట్లో ఇంకొకరి బిడ్డ కూర్చుని ఉంటుంది.

ఇక కేసు భయం. రోడ్డు ప్రమాదాన్ని పోలీసులకు తెలియజేయడం వేరు, అలవాటు గురించి నర్సుకు చెప్పడం వేరు. మేము అడిగేది వైద్యం కోసం. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసే డాక్టరుకైతే ఇది తప్పక తెలియాలి. 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే 64-ఎ అనే సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడు తనంతట తానుగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే, వాడినందుకు, కొద్దిపాటి సరుకు దగ్గర ఉంచుకున్నందుకు కేసు నుంచి రక్షణ ఇస్తుంది. అమ్మేవాడికి ఇది వర్తించదు.

మత్తు మాన్పించే సలహాకు 14446, మనసు బాగాలేకపోతే 14416. రెండూ ఉచితం. తల్లి ఎదుట అబ్బాయి నోరు విప్పకపోతే అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. చొక్కా జేబులోనో, బైక్ సీటు కిందో మాత్రల షీటు దొరికితే పారేయకుండా వార్డుకు తీసుకురండి. ఖాళీదైనా ఫర్వాలేదు, పేరు మేము చదువుకుంటాము.