సెన్సిబులా, సెన్సిటివా? రిమార్కు మళ్లీ ఒకసారి చదవండి

ప్రోగ్రెస్ రిపోర్టు చేతికి రాగానే మన చూపు మార్కుల మీదకే వెళుతుంది. కింద క్లాస్ టీచర్ రాసిన ఒక్క లైను రిమార్కును పైపైన చదివేస్తాం. ‘సెన్సిటివ్ చైల్డ్’ అని ఉంటే, మా పాప బుద్ధిగా ఉంటోందన్నమాట అని సంతోషించే తల్లిదండ్రులూ ఉంటారు. టీచర్ చెబుతున్నది అది కాదు. పాప చిన్న మాటకే నొచ్చుకుంటోంది, కాస్త గమనించండి అని. మంచీచెడూ ఆలోచించి మసలుకునే పిల్లను సెన్సిబుల్ అంటారు. ఈ తేడా పట్టుకోకపోతే పాపతో మాట్లాడాల్సిన మాట మాట్లాడకుండానే టర్మ్ గడిచిపోతుంది.

అలాగే చైల్డిష్ అంటే వయసుకు తగని చేష్టలని. అది మెచ్చుకోలు కాదు. చైల్డ్‌లైక్ అంటే పసిపిల్లల్లాంటి అమాయకత్వం, అది మెచ్చుకోలే. ఇండస్ట్రియస్ అని రాస్తే కష్టపడుతున్నాడని అర్థం. ఇండస్ట్రియల్ అన్నది జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక వాడల మాట.

ఇలాంటి జంటల్ని స్పెల్లింగులతో బట్టీ పట్టిస్తే పిల్లలు ఇంకా తికమకపడతారు. వాటిని తెలుగులో చెప్పమనండి. ఇంగ్లిష్‌లో ఒకేలా వినిపించేవి తెలుగులోకి రాగానే చాలావరకు విడిపోతాయి. ఎకనామిక్ అంటే ఆర్థిక, ఎకనామికల్ అంటే పొదుపైన. బడ్జెట్‌కు ముందు పార్లమెంటులో పెట్టేది ఎకనామిక్ సర్వే; మంచి మైలేజీ ఇచ్చే బండి ఎకనామికల్.

రెస్పెక్ట్ కుటుంబం దగ్గర కాస్త ఆగాలి. టీచరుకు నమస్కారం పెట్టే బాబు రెస్పెక్ట్‌ఫుల్, గౌరవం చూపేవాడు. పదిమందీ గౌరవించదగిన తాతగారు రెస్పెక్టబుల్. ప్రేయర్ అయ్యాక ఎవరి క్లాసుకు వాళ్లు వెళితే అవి రెస్పెక్టివ్ క్లాసులు. అందుకే లెటర్ చివర ‘యువర్స్ రెస్పెక్టివ్‌లీ’ అని రాస్తే అర్థమే ఉండదు. ‘యువర్స్ రెస్పెక్ట్‌ఫుల్లీ’ అనాలి.

హిస్టారిక్, హిస్టారికల్ దగ్గర మాత్రం తెలుగు మనకు సాయం చేయదు. చారిత్రక, చారిత్రాత్మక అనే మాటల్ని మనమే కలిపి వాడేస్తున్నాం. చరిత్రలో నిలిచిపోయే రోజు హిస్టారిక్: 1947 ఆగస్టు 15 అలాంటిది. గతానికి సంబంధించినది ఏదైనా హిస్టారికల్, చారిత్రక నవలల్లాగా.

ఈ వారం భోజనాల దగ్గర పిల్లల్ని ఒకటి అడగండి. బస్సులో పెద్దావిడకు సీటిచ్చిన అబ్బాయి కన్సిడరబులా, కన్సిడరేటా? జవాబు కన్సిడరేట్, ఎదుటివాళ్ల ఇబ్బంది ఆలోచించేవాడు. కన్సిడరబుల్ అంటే చెప్పుకోదగ్గంత. దాన్ని ఆ అబ్బాయి నిలబడి చేసిన దూరానికి వాడుకోవచ్చు.