కంటి చూపు, ఇంటి వంట: రోగి కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

కంటి రోగితో వచ్చే బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏం తినిపిస్తే చూపు బాగవుతుంది?" క్యారెట్, బొప్పాయి, మునగాకు, బాదం పప్పు అంటూ ఎవరో చెప్పిన పేర్లు కూడా వారి నోట సిద్ధంగా ఉంటాయి. ప్రశ్న మంచిదే. కాని జవాబు జబ్బును బట్టి మారుతుంది. కొన్ని కంటి జబ్బులలో తిండి మార్పు చూపును కాపాడుతుంది. కొన్నిటిలో దాని వల్ల ఏమీ జరగదు. ఈ తేడా తెలియక చాలా కుటుంబాలు విలువైన నెలలు పోగొట్టుకుంటున్నాయి.

ఆహారంతో నయం కానివి

శుక్లం ఒకసారి ముదిరితే ఏ ఆకు పసరూ, ఏ తేనె చుక్కా దానిని కరిగించలేదు. ఆపరేషన్ ఒక్కటే మార్గం. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోనూ, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామీణ ప్రాంతాలలోనూ పది వేల మందికి పైగా ప్రజలను పరీక్షించినప్పుడు, అంధత్వానికి అన్నిటికన్నా పెద్ద కారణం శుక్లమేనని తేలింది. అంటే సమయానికి ఆపరేషన్ జరిగి ఉంటే వారిలో చాలామంది చూడగలిగేవారే.

గ్లకోమా, అంటే నీటికాసుల జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపు నిలవాలంటే డాక్టరు రాసిన చుక్కల మందు ఆపకుండా వెయ్యాలి. ఆకుకూరలు తింటున్నాం కదా అని చుక్కలు మానేయడం ప్రమాదం. కళ్లద్దాల నంబరు కూడా క్యారెట్ రసంతో తగ్గదు.

విటమిన్ ఎ మాట

మరి క్యారెట్ మాట పూర్తిగా అబద్ధమా? కాదు. విటమిన్ ఎ లోపిస్తే పిల్లలకు రేచీకటి వస్తుంది, నల్లగుడ్డు ఎండి పుండు పడి చూపే పోవచ్చు. ఒకప్పుడు మన దేశంలో ఎందరో పసిపిల్లలు ఇలా గుడ్డివారయ్యారు. ఆ జబ్బును ఆపే మార్గం చూపించిన పరిశోధన మన హైదరాబాదులోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. 1970లో మొదలైన విటమిన్ ఎ పథకానికి అదే ఆధారం. నేటికీ తొమ్మిది నెలల వయసులో మొదటి మోతాదు, ఆ తరువాత అయిదేళ్లు నిండేవరకు ఆరు నెలలకొకసారి మిగిలినవి ఇస్తారు. మీ ఇంట్లో చిన్న పిల్లలుంటే అంగన్‌వాడీలో అడిగి, తప్పకుండా వేయించండి. వారానికి నాలుగైదు సార్లు తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర పెట్టండి. మీర్ ఆలం మండిలో క్యారెట్ కన్నా ఇవి చవకగానే దొరుకుతాయి. కొద్దిగా నూనెతో వండితేనే ఆ విటమిన్ ఒంటికి పడుతుంది.

అయితే కడుపునిండా తినే పెద్దవారికి, విటమిన్ ఎ లోపం లేనివారికి, ఎంత క్యారెట్ తిన్నా అదనంగా చూపు రాదు.

చక్కెర వ్యాధి: ఇక్కడే మీ వంటగది పని చేస్తుంది

కంటి వెనుక రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. దానికి రక్తం అందించే నాళాలు చాలా సన్ననివి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడి, మన బస్తీలోని పాత నీటి పైపుల్లాగా ఊరడం మొదలవుతుంది. కొన్నిచోట్ల మూసుకుపోతాయి కూడా. అప్పుడు పెళుసైన కొత్త నాళాలు పుట్టి, ఒకరోజు చిట్లి, కంటి లోపల రక్తం నిండుతుంది. దీనినే డయాబెటిక్ రెటినోపతి అంటారు.

ఇందులో మోసం ఏమిటంటే, మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు. రోగి పేపరు చదువుతూనే ఉంటాడు, బండి నడుపుతూనే ఉంటాడు. "నాకు బాగానే కనబడుతోంది" అనే మాటను నమ్మి ఊరుకోకండి.

చక్కెరను అదుపులో పెడితే ఫలితం ఉంటుందనడానికి గట్టి రుజువులున్నాయి. 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, మూడు నెలల సగటు చక్కెర 7.9 శాతంగా ఉన్నవారితో పోలిస్తే 7 శాతంగా ఉంచుకున్నవారికి కళ్లు, మూత్రపిండాల చిన్న రక్తనాళాల జబ్బులు 25 శాతం తక్కువగా వచ్చాయి. అదే అధ్యయనంలో రక్తపోటును గట్టిగా అదుపు చేసినవారిలో రెటీనా జబ్బు ముదరడం మూడో వంతు తగ్గింది. అందుకే కంటి డాక్టరు బి.పి. గురించి అడిగితే ఆశ్చర్యపోవద్దు. ఆవకాయ, అప్పడాలు తగ్గించమనేది కూడా కంటి వైద్యమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక కప్పు ఇరానీ చాయ్‌లో రెండు చెంచాల చక్కెర అనుకోండి. చెంచాకు 4, 5 గ్రాములు. రోజుకు అయిదు కప్పులు తాగేవారు 40 నుండి 50 గ్రాములు తాగినట్లే, నెలకు కిలోకు పైమాట. ఉస్మానియా బిస్కెట్లు, డబుల్ కా మీఠా ఈ లెక్కలో లేవు. చాలామంది "మేము స్వీట్లు ముట్టం" అంటారు, చాయ్‌ని స్వీటుగా ఎంచరు. చక్కెర బదులు బెల్లం, తేనె వాడినా రక్తంలో చేరేది చక్కెరే. అలాగే అన్నం మానేసి ఆరు చపాతీలు తినడం, "జొన్నరొట్టె ఎంతైనా తినవచ్చు" అనుకోవడం కూడా పొరపాటు. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేదా చికెన్, మిగిలిన పావు అన్నమో రొట్టో ఉండాలి. పెళ్లి విందులో బిర్యానీ తినకుండా ఉండలేమంటే ఒక్క చిన్న ప్లేటు చాలు, దాని మీద మీఠా వద్దు.

నాన్నగారికి వేరే వంట, పిల్లలకు వేరే వంట చేస్తే అది నెల కూడా నిలవదు. ఇంటిల్లిపాదీ ఒకే రకం భోజనం చేయడం మేలు. చక్కెర వ్యాధి ఉన్నవారి పిల్లలకు కూడా అది వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ వంట అందరికీ పనికివస్తుంది. భోజనమయ్యాక పావుగంట నడవాలి. ఇరుకు గల్లీలో బండ్ల రద్దీ ఉంటే మేడ మీద నడిచినా సరే.

రంజాన్ నెలలోనైనా, శనివారం ఒక్కపొద్దులోనైనా, మందులు లేదా ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసానికి ముందే డాక్టరును కలవాలి. మోతాదును సొంతంగా మార్చడం వల్ల చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇంకొక సంగతి. చాలాకాలం ఎక్కువగా ఉన్న చక్కెరను వేగంగా తగ్గిస్తే, అప్పటికే రెటీనా దెబ్బతిన్నవారిలో కొంతకాలం అది ఎక్కువ కావచ్చు. భయపడి మందులు మానకండి, కళ్లు మాత్రం ముందే చూపించండి. కంటిలో రక్తం కారే దశ ఉన్నవారు బరువులు ఎత్తడం, శీర్షాసనం వేయడం చేయరాదు.

పొగ, సుర్మా, పిల్లల ఆట

బీడీ, సిగరెట్ల వల్ల శుక్లం త్వరగా వస్తుంది, వయసు మీరినవారికి వచ్చే రెటీనా క్షీణత కూడా ఎక్కువవుతుంది. ఇంట్లో ఒకరు మానేస్తే అది క్యాప్సూళ్ల కన్నా మేలు. "కంటి విటమిన్" మాత్రలు అందరికీ కాదు, ఆ క్షీణత ఒక దశలో ఉన్నవారికే పనిచేస్తాయి.

బజారులో దొరికే సుర్మాలలో చాలావాటిలో సీసం ఉంటుంది. పసిపిల్లల కళ్లకు పెట్టకండి. అది వారి మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది.

పిల్లల విషయంలో తిండి కన్నా వెలుతురు ముఖ్యం. చైనాలోని గ్వాంగ్జౌలో 12 బడులలో జరిగిన పరిశీలన ఫలితాలు 2015లో వచ్చాయి. రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లలలో మూడేళ్లలో 30.4 శాతం మందికి దూరపు చూపు మందగించగా, మిగిలిన బడులలో 39.5 శాతం మందికి మందగించింది. ఫోను లాక్కోవడం కన్నా బయటికి పంపడం సులువు కూడా.

పరీక్షకు వచ్చేటప్పుడు

చక్కెర వ్యాధి బయటపడిన వెంటనే ఒకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించాలి. 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరిలో మొదలైన కంటి వెలుగు శిబిరాలలో అద్దాలు తీసుకున్నవారు చాలామంది తమ కళ్లు పూర్తిగా చూశారనే అనుకుంటున్నారు. అద్దాల పరీక్ష వేరు, కంటిలో చుక్కలు వేసి రెటీనా చూడడం వేరు. మెహదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో కూడా ఈ పరీక్ష చేయించుకోవచ్చు. చుక్కలు వేసిన తరువాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుతుంది. కాబట్టి ఆ రోజు రోగి సొంత బండిపై రాకూడదు, మీలో ఒకరు తోడు రావాలి. నల్లద్దాలు, ఇటీవలి షుగర్, బి.పి. రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ వెంట తెచ్చుకోండి.